బొల్లి కొండ దిగలేదు

సాయంత్రమైందని మా ఇంట్లో నేను పొద్దు చూసి తెలుసుకున్నది తక్కువ. ఆయన ఉప్పలకొండ దిగి, వాగు దాటించి గొడ్లను అదిలించే కేక వినబడగానే పొయ్యి రాజేసేదాన్ని. ఆషాఢంలో విషజ్వరం తగిలి తొమ్మిదో రోజున ఆయన పోయాడు. ఆ తర్వాత పొయ్యి ఎప్పుడు రాజెయ్యాలో నాకు తెలిసేది కాదు. అత్త వెంకమ్మ ఆకలని అడిగితే లేచేదాన్ని.

నాలుగిళ్ళ బర్రెలను కొండకు తోలి మేపుకు రావడం ఆయన పని. పదకొండో ఏట కర్ర పట్టినవాడు ముప్పై నాలుగో ఏట దాకా విడిచిపెట్టలేదు. మాట తక్కువ మనిషి. కొండ మీద ఏం జరిగిందీ ఇంట్లో చెప్పేవాడు కాదు, నేనూ అడిగేదాన్ని కాదు. ఆయన పోయాక ఎవరి బర్రెలను వాళ్ళు తీసుకుపోయారు. మాకు మిగిలింది బొల్లి ఒక్కటే. చూడి బర్రె. పొద్దున పలుపు విప్పితే తనంతట తనే కొండకు పోయి, సందెవేళకు తిరిగి వచ్చేది.

భాద్రపదంలో ఒక సాయంత్రం అది కొండ దిగలేదు.

నెలలు నిండాయి కాబట్టి ఈనడానికే ఎక్కడో ఆగి ఉంటుందని అత్త అంది. అది చిరుత తిరిగే కొండ. దూడ నేల మీద పడ్డ వాసన తగిలితే చిరుత తల్లినీ పిల్లనీ కూడా వదలదు. మరిది నాపరాళ్ళ బండి తోలుకుని మాచర్ల పోయాడు, రెండు రోజులకు గానీ రాడు. పరాయి మగవాణ్ణి వెంటబెట్టుకుని కొండెక్కితే ఊరు ఊరుకోదు. నేనే పోవాలి.

చీకటి వీడకముందే లేచాను. కానీ గడప దాటలేదు. మొగుడు పోయినదాన్ని, అరకలు కట్టుకుని పొలానికి పోయేవాళ్ళకు ఎదురు రాకూడదు. చివరి అరక వీధి మలుపు తిరిగేదాకా తలుపు చాటునే నిలబడ్డాను. నేను లేచినప్పుడు ఆకాశం కడిగినట్టు ఉంది. వాగు దాటేసరికి పడమట మబ్బు లేచింది.

చంకలో ఆయన గొంగడి పెట్టుకున్నాను. బొల్లి కొత్త మనిషిని దగ్గరికి రానివ్వదు, కొమ్ము విసురుతుంది. ఆయన మంచాన పడ్డ రోజుల్లో ఆ గొంగడి కప్పుకుంటేనే నన్ను చెయ్యి వెయ్యనిచ్చింది.

కొండ మొదట్లో ఏలియా రాళ్ళు కొడుతున్నాడు. మా ఆయన్ని అన్నా అనేవాడు. నన్ను చూసి సుత్తి దించాడు.

"ఏంది వదినా, ఒక్కదానివే? వానొస్తే నున్నబండ మీద కాలు నిలవదు. గంట్లు చూసుకుని ఎక్కు."

ఏం గంట్లని అడిగాను.

"అన్న కొట్టినయ్యే. నీకు తెలవదా? నా ఉలీ సుత్తీ తీసకపోయి ఎండాకాలమంతా బండ మీదే ఉన్నాడు. బర్రెలకు మెట్లు కట్టే మారాజని చానా నవ్వేవాళ్ళం."

మూడేళ్ళ కిందట ఒక వేసవి ఆయన రోజూ పొద్దుపోయి వచ్చేవాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉండేవి. కల్లుపాక దగ్గర కూర్చుంటున్నాడనుకున్నాను. అలిగి చాలా రోజులు మాట్లాడకుండా అన్నం పెట్టాను. ఆయనా చెప్పలేదు. ఊరు నవ్వినట్టే నేనూ నవ్వుతాననుకున్నాడేమో.

సగం కొండ ఎక్కేసరికి జల్లు పడింది. అంతలోనే ఎండ కాసింది. ఆ ఎండ ఉండగానే తెల్లటి మంచు దిగి ముందున్న చెట్టు కూడా కనబడలేదు. గొంగడి తడిస్తే ఆయన వాసన పోతుందని పైట కింద దాచుకుని వంగి నడిచాను. బొల్లీ, బొల్లీ అని పిలిచాను. ఎన్నడూ గొంతెత్తని దాన్ని, నా పిలుపు నాకే సరిగా వినబడలేదు. పైన బురదలో చిరుత అడుగు కనబడింది. నా అరచెయ్యంత ఉంది. దాని అంచులు ఇంకా విరగలేదు. నాకు కాస్త ముందే నడిచిపోయింది.

అప్పుడు కుండపోతగా వాన మొదలైంది. తల దాచుకోవడానికి చోటు లేదు. పళ్ళు కొట్టుకుంటుంటే ఇక చేసేది లేక గొంగడి తీసి కప్పుకున్నాను. ఉన్న ఒక్క ఆధారమూ పోయిందనుకున్నాను. కానీ తడిసిన ఉన్ని నుంచి చుట్ట పొగ, చెమట, గొడ్ల వాసన గుప్పున లేచాయి. ఇంట్లో దండెం మీద ఉన్నన్నాళ్ళూ అంత వాసన రాలేదు. గాలి నా వెనక నుంచి పల్లానికి కొడుతోంది. కాసేపటికి కింద పొదల్లో నుంచి బర్రె అరుపు వినబడింది.

పడిపడి దిగాను. రాతిచూరు కింద బొల్లి తల దించి, కొమ్ములు ముందుకు పెట్టి నిలబడి ఉంది. వెనక బండకు ఆనుకుని దూడ వణుకుతోంది. నేను కదలగానే బొల్లి నా మీదికి వచ్చింది. పారిపోవడానికి చోటు లేదు, అలాగే నిలబడ్డాను. ముక్కు గొంగడికి తగిలించి ఊపిరి పీల్చింది. తల పక్కకు తిప్పుకుంది.

దూడను మెడ మీద వేసుకున్నాను. తల్లి వెంటబడింది. పొదల్లో ఏదో మాతో పాటే కదులుతున్నట్టు అనిపించింది. తల తిప్పి చూడలేదు.

నున్నబండ మీద నీళ్ళు ధారగా జారుతున్నాయి. కాలితో తడిమితే గంటు దొరికింది, బొటనవేలు మునిగేంత లోతు. గంటుకూ గంటుకూ మధ్య దూరం బర్రె అంగకు సరిపోయేదే గానీ నా అంగకు కాదు. కాళ్ళు చాపి చాపి వేశాను. రెండుసార్లు దూడతో సహా కూలబడ్డాను. బొల్లికి మాత్రం ఒక్క గిట్ట కూడా జారలేదు.

ఏలియా పని ఆపి వాగు ఒడ్డున కాచుకుని ఉన్నాడు. వాగు అప్పటికే రొమ్ములోతుకు వచ్చింది. దూడను తను తీసుకుని, నన్ను బొల్లి తోక పట్టుకోమన్నాడు. దాటాక పెయ్యదూడే పుట్టిందని చెప్పి, ఊళ్ళోకి నా వెంట రాకుండా వెనకే ఆగిపోయాడు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. అత్త దూడ వీపు తడిమి, "మా బాలకోటయ్య ఉంటే" అని ఆగిపోయింది. తర్వాత చెంబు తెచ్చి నా చేతికిచ్చింది.

"జున్నుపాలు పిండవే. నాలుగిళ్ళకూ పంచకపోతే ఏమనుకుంటారు?"

"ఈ పూట పిండను అత్తా. దాని కడుపు ఇంకా నిండలేదు."

అనుకునేవాళ్ళు నన్నే అంటారు గదా అని ఆవిడ గొణిగింది. చెంబు గోడ పక్కన బోర్లించాను. దూడ ఒక చన్ను వదిలి ఇంకోటి పట్టింది.