ఖఫ్జీలో మలయాళీ సార్

సౌదీలోని ఖఫ్జీలో నేను సెల్‌ఫోన్లు బాగుచేసే అంగట్లోనే ఆయన ఇకామా అనే నివాస అనుమతి కార్డులకు ఫోటోలు తీసేవాడు. మలయాళం సినిమాల్లో నటించి, దర్శకుడై, చివరికి సొంతంగా తీసిన సినిమా ఆడక, ఇల్లమ్ముకుని వచ్చాడు. కెమెరా నొక్కేముందు ప్రతి కూలీనీ, "ఇంట్లో ఎవరు గుర్తొస్తారు?" అని హిందీలో అడిగేవాడు. మొహం మెత్తబడ్డాకే తీసేవాడు.

నితాఖత్ రూలు వచ్చింది. అంగట్లో సౌదీలనే పెట్టుకోవాలన్నారు. మాకు వీసాలిచ్చిన యజమాని, కఫీల్, ముందు ఆయనకే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు; ఇక ఇంటికి పోవాల్సిందే. దమ్మాం ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకుపోయాను. అక్కడ ఒక మలయాళీ నర్సు ఆయన్ను గుర్తుపట్టింది. ఆయన పుణ్యాన నాకు ఆపాటి మలయాళం తెలుసు.

"సార్, మీరిక్కడ?"

ఆయన ఎగ్జిట్ కాగితం జేబులో కుక్కుకున్నాడు. "కొత్త సినిమాకు లొకేషన్లు చూద్దామని వచ్చానమ్మా," అన్నాడు నవ్వుతూ.

ఆమె సంబరంగా సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయింది. కౌంటర్ దగ్గర కాగితం అడిగారు. ఆయన చెయ్యి జేబు దాకా పోయి ఆగిపోయింది. నావైపు తిరిగాడు.

"నువ్వే తియ్యి భాయ్," అన్నాడు.