బీచ్ ఫ్లాట్‌లో పాలు పొంగించిన రోజు

మా ముగ్గురికీ అమ్మానాన్నలు పెట్టిన పేర్లున్నాయి. కానీ విజయవాడలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఊరిపేర్లతో పిలుచుకోవడం అలవాటై, అరవై దాటినా అదే నిలిచిపోయింది. నేను ఇబ్రహీంపట్నం. మా డాబా మీద నిలబడితే పవర్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి కాబట్టి, కోపం వచ్చినప్పుడు నన్ను బాయిలరు అని కూడా అంటారు. రెండోది మైలవరం. మామిడితోటల మనిషి, గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. మూడోది అవనిగడ్డ. పెళ్లయి పటమటలో కాపురం పెట్టి ఎన్నేళ్లయినా మాకు అది అవనిగడ్డే. పుట్టినూరి పేరుతో దాన్ని పిలిచేది ఇప్పుడు లోకంలో మేమిద్దరమే.

ఆ పుట్టింటి దగ్గరే చిక్కు వచ్చింది.

మొన్న వేసవిలో అవనిగడ్డ భర్త పోయారు. భోజనం చేసి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. మా వైపు ఒక ఆచారం ఉంది. కర్మకాండ అయ్యాక, భర్త పోయిన మనిషిని పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్లి, తమ ఇంట్లో వండి పెట్టి, ఒక రాత్రి పడుకోబెట్టి పంపాలి. దాన్ని నిద్ర చేయడం అంటారు. ఆ నిద్ర అయితేనే ఆమె మళ్లీ నలుగురి ఇళ్లకూ వెళ్లొచ్చు. అప్పటిదాకా ఏ గడపా తొక్కకూడదు. బడిలో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, ఇలాంటివి వింటే నాకు ఒళ్లు మండుతుంది. మండితే మాత్రం ఏం లాభం? ఆచారం నన్నడిగి పుట్టలేదు కదా.

అవనిగడ్డకు అమ్మానాన్నలు లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు. ఆ మహానుభావుడు ఫోన్ చేసి, "ఇంట్లో అబ్బాయి పెళ్లి పెట్టుకున్నాం కదక్కా. పెళ్లి అయ్యేదాకా ఇట్టాంటివి వద్దంటున్నారు మావాళ్లు. శ్రావణం వెళ్లాక చూద్దాంలే" అన్నాడు. వాళ్లెవరో అంటున్నారట, ఈయనకేమీ తెలియదట. తమ్ముడికి ఎదురు చెప్పడం దానికి చిన్నప్పటినుంచీ చేతకాదు. "సరేరా" అని ఫోన్ పెట్టేసింది.

శ్రావణం దాకా ఆగడానికి వీల్లేని సంగతి ఒకటుంది. దాని కూతురు బందర్లో అత్తవారింట్లో నిండు నెలలతో ఉంది. రెండో కాన్పు. డాక్టరు మంచం దిగొద్దన్నారు. మొదటి పిల్లేమో ఇల్లు పీకి పందిరేసే వయసులో ఉంది. తల్లి పక్కన ఉండాల్సిన సమయం. వియ్యపురాలు చెడ్డమనిషి కాదు గానీ పద్ధతుల మనిషి. "మీరు రావాలనే నాకూ ఉంది వదినగారూ. నిద్ర అయిపోగానే వచ్చెయ్యండి" అని మర్యాదగానే చెప్పింది. మర్యాదగా వేసిన తలుపు తియ్యడం మరీ కష్టం. కూతురు రోజూ ఫోన్ చేసి "ఎప్పుడొస్తావమ్మా" అనడం, ఇది "వస్తానమ్మా, వస్తాను" అనడం. భర్త పోయాక అది మాట్లాడే మాటలు దాదాపు అవే.

నేను మా ఇంటికి రమ్మన్నాను. "మీ కోడలికి నెల తప్పిందన్నావు. రేపు ఏ చిన్న తేడా వచ్చినా నా మొహమే గుర్తొస్తుంది. నీకు రాకపోయినా నాకొస్తుంది. వద్దే" అంది. మైలవరం ఇంటికీ అంతే. వాళ్లాయనకు గుండె ఆపరేషన్ అయి ఇంకా కోలుకుంటున్నాడు. తన అడుగు ఎవరి ఇంటికీ చెడుగా తగలకూడదని దాని పట్టుదల. నేను గంటసేపు ఉపన్యాసమిచ్చాను. వినయంగా విని, మళ్లీ వద్దంది.

"అంటే ఎవరిదీ కాని ఇల్లు కావాలి, అంతేగా?" అంది మైలవరం. మంగినపూడి బీచ్ ఎదురుగా ఈమధ్య కట్టిన ఫ్లాట్లు రోజుల లెక్కన అద్దెకిస్తున్నారట. వాళ్ల అల్లుడు స్నేహితులతో వెళ్లొచ్చాడట. వంటిల్లు, హాలు, బాల్కనీలో కూర్చుంటే సముద్రం.

ఇక పటమటలో దాని అత్తగారిని ఒప్పించాలి. ఎనభై దాటిన మనిషి. పోయింది ఆవిడ కొడుకే అన్న సంగతి, ఓదార్చడానికి వచ్చినవాళ్లలో సగంమంది మర్చిపోయారు. మేం చెప్పిందంతా విని, "హోటల్లో, సత్రంలో నిద్ర చెల్లదమ్మా" అంది.

"హోటల్ కాదండీ, ఇల్లే. పొయ్యి కూడా ఉంది" అంది మైలవరం.

ఆవిడ లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లి, ఒక ఇత్తడి గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. "మావాడు ఈ ఇంట్లో దిగినప్పుడు పాలు పొంగించిన గిన్నె ఇది. అక్కడ మీరిద్దరూ పాలు పొంగించండి. పాలు పొంగితే ఒక్కరోజుకైనా అది మీ ఇల్లే. మీ ఇంట్లో ఇది నిద్ర చేసినట్టు. నేను ఒప్పుకుంటా, ఇంకెవరొప్పుకోవాలి?" అంది. నా సాంఘికశాస్త్రం ఆవిడ కాళ్ల దగ్గర పెట్టెయ్యాలనిపించింది.

కారు మైలవరమే నడిపింది. ఉయ్యూరు, పామర్రు దాటి బందరు చేరేదాకా అవనిగడ్డ ఆ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊళ్లో పాలప్యాకెట్లు కొనడానికి ఆగిన చోటినుంచి కూతురుండే వీధి మలుపు కనిపిస్తోంది. అది ఆ మలుపువంకే చూసింది. మేం చూడనట్టు నటించాం.

ఫ్లాట్ రెండో అంతస్తులో ఉంది. సోఫాలు, గోడకు గవ్వల బొమ్మ, బాల్కనీకి ఎదురుగా సముద్రం. మంగినపూడి ఇసుక నల్లగా బురదలా ఉంటుంది. కాలికి అంటుకుంటే ఓ పట్టాన వదలదు. వేరే రోజైతే ముగ్గురం పరుగెత్తేవాళ్లమే. నేను నేరుగా వంటింట్లోకి వెళ్లి, ఇత్తడి గిన్నెలో పాలు పోసి స్టవ్ మీద పెట్టాను. ఇండక్షన్ స్టవ్ అది. కుయ్ కుయ్ అని అరిచి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అరిచింది. ఇండక్షన్ మీద ఇత్తడి వేడెక్కదని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. పొయ్యి ఉందని అత్తగారికి గొప్పగా చెప్పాం. ఏ పొయ్యో చూసుకోలేదు.

"అదిగో అక్కడ స్టీలు గిన్నె ఉంది. దాన్లో పొంగిస్తే పోలా? పాలు పాలేగా" అన్నాను.

అవనిగడ్డ ఇత్తడి గిన్నె మీద చెయ్యేసి, పాలను తీయనివ్వలేదు. అప్పుడు నాకు అర్థమైంది. అది ఆచారం కోసం కాదు. ఆయన చేతులు పట్టుకున్న గిన్నె అది.

మైలవరం మారుమాట లేకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. బాల్కనీలోంచి చూస్తే ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని, పొత్తులు కాల్చి అమ్మే ఆవిడతో బేరమాడుతోంది. కాసేపటికి ఒక చేత్తో నిప్పుల కుంపటి, ఇంకో చేత్తో సంచీడు మొక్కజొన్న పొత్తులతో వచ్చింది. కుంపటి అరువిచ్చినందుకు ఆవిడ దగ్గర మిగిలిన పొత్తులన్నీ కొనేసిందట. వెనకాలే వాచ్‌మన్ కూడా వచ్చాడు.

"అమ్మా, ఇక్కడ మంట పెట్టకూడదండి. ఓనరు గారు చూస్తే నా ఉద్యోగం పోద్దండి."

నేను బాయిలరు మూత తీశాను. అద్దె కట్టలేదా, మేమేమైనా కొంప తగలబెడతామా అని మొదలుపెట్టాను. మైలవరం నన్ను మించి అరిచింది. అతనూ తగ్గలేదు. అతని మాటలో న్యాయం లేకపోలేదు, కానీ కోపంలో ఉన్నప్పుడు ఎదుటివాళ్ల న్యాయం ఎవరికి కనిపిస్తుంది?

"ఆగండే ఇద్దరూ."

అవనిగడ్డ గొంతు అది. పెద్దగా కూడా అనలేదు. ఇద్దరం ఆగిపోయాం. అది అతని దగ్గరికి వచ్చి నిలబడింది.

"మా ఆయన పోయారు బాబూ. ఈ రాత్రి నేనిక్కడ నిద్ర చెయ్యాలి. బందర్లో నా కూతురు నిండు నెలలతో ఉంది. ఈ పాలు పొంగకపోతే రేపు నేను దాని గడప తొక్కలేను. మీ ఉద్యోగం పోకూడదు, అదీ నిజమే. కుంపటి బాల్కనీలో రాతిబండ మీద పెడతాం. పక్కన బకెట్టుతో నీళ్లు పెట్టుకుంటాం. మీరు ఇక్కడే నిలబడి చూడండి. పాలు పొంగగానే ఆర్పేస్తాం. ఏమన్నా తేడా వస్తే మీ ఓనరుగారితో నేను మాట్లాడతాను. నా పేరు చెప్పండి."

తమ్ముడికి ఒక్క మాట ఎదురు చెప్పలేని మనిషి, ఇన్ని వారాలు "వస్తానమ్మా" తప్ప ఇంకో మాట లేని మనిషి, ముక్కూమొహం తెలియని మగవాడి ఎదుట నిలబడి తన పని తాను నెరవేర్చుకుంది. మేమిద్దరం అరిచి సాధించలేనిది అది అడిగి సాధించింది. నాకు ఎంత గర్వమనిపించిందో. బళ్లో నా పిల్లలకు ఫస్ట్ ర్యాంకులు వచ్చినప్పుడు కూడా అంత అనిపించలేదు.

అతను తలవంచుకున్నాడు. "ఇట్టా అని ముందే చెప్పొచ్చుగా అమ్మా" అని, బకెట్టుతో నీళ్లు తనే పట్టుకొచ్చాడు.

దీపాలు పెట్టే వేళకు కుంపటి మీద గిన్నె ఎక్కింది. పాలు తూర్పుకి పొంగాలంటారు. తూర్పున సముద్రం ఉంది. కానీ గాలి సముద్రం మీంచే కొట్టి నిప్పులను ఇంటివైపు తోస్తోంది. మైలవరం చీరకొంగు అడ్డం పెట్టింది. నేను గిన్నెను కాస్త అటు వంచబోయి చెయ్యి కాల్చుకున్నాను. పాలు ఎవరి మాటా వినకుండా కొంత సముద్రం వైపూ కొంత ఇంటి వైపూ పొంగి, నిప్పుల మీద పడి చుయ్యిమన్నాయి. వాచ్‌మన్ దణ్ణం పెట్టుకున్నాడు. అవనిగడ్డ నవ్వింది. ఆయన పోయాక అది నవ్వడం అదే మొదలు. వెంటనే ఏడ్చింది కూడా. మేమూ ఏడ్చాం.

ఆ తర్వాత ఆ ఇల్లు మాదే అయిపోయింది. నేను పప్పు వండాను, ఇండక్షన్ మీదే. మైలవరం తెచ్చిన మాగాయతో కలిపి పెట్టాం. చివర పెరుగన్నం కొసరి కొసరి వడ్డించాం. పుట్టింటివాళ్లు చేసే పనులన్నీ మాకు చేతనైనట్టు చేశాం. మంచాలు వదిలేసి హాల్లో చాపలు పరుచుకుని, దాన్ని మధ్యలో వేసుకుని పడుకున్నాం. హాస్టల్లో కరెంటు పోయినప్పుడు డాబా మీద ఇలాగే పడుకునేవాళ్లం. మైలవరం గురక కూడా అప్పటిదే. అవనిగడ్డ మాత్రం నిజంగానే నిద్రపోయింది. తెల్లవారి మేం లేపితే గానీ లేవలేదు.

పొద్దున్నే ముగ్గురం అలల్లో కాళ్లు తడుపుకుని, స్నానాలు చేసి, బయలుదేరే ముందు కుంపటి ఇచ్చిరావడానికి మళ్లీ ఇసుకలోకి దిగాం. కారెక్కాక మైలవరం అంది: "ఇదిగో, మీ వియ్యపురాలు అడిగితే తమ్ముడింట్లో చేశానని చెప్పెయ్యి. ఎవరు చూడొచ్చారు?" నేనూ అదే మంచిదన్నాను. అద్దె కొంపలో చేసిన నిద్ర చెల్లదని ఆవిడ ఒక్క మాటంటే పడ్డ పాట్లన్నీ గంగపాలు. అవనిగడ్డ ఇత్తడి గిన్నె మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

కూతురింటి గుమ్మం దగ్గర మేం మెట్ల కిందే ఆగాం. వియ్యపురాలు గడప లోపల నిలబడింది. ఆవిడ వెనక, మంచం దిగొద్దన్నా దిగి, నడుము మీద చెయ్యేసుకుని కూతురు.

"నిద్ర అయిందా వదినగారూ? తమ్ముడుగారింట్లోనేనా?"

మైలవరం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రాత్రి కాలిన చెయ్యే అది.

"లేదండీ వదినగారూ. వాళ్లకు కుదరలేదు" అంది అవనిగడ్డ, తల ఎత్తి. "మంగినపూడిలో వీళ్లు పాలు పొంగించి, వండిపెట్టి, నిద్ర చేయించారు. మా అత్తగారికి చెప్పే వెళ్లాం. నాకు పుట్టింటివాళ్లు వీళ్లేనండీ."

వియ్యపురాలు దానివంక చూసింది. తర్వాత మా ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత మా కాళ్లు చూసింది. చీలమండల దాకా నల్లటి ఇసుక ఎండి అంటుకుపోయి ఉంది. ఆవిడ వెనక్కి తిరిగి లోపలికి వెళ్లింది. కూతురు కళ్లనిండా నీళ్లతో అక్కడే నిలబడింది, తల్లి బయటే నిలబడింది. నేను నోరు తెరవకుండా ఉన్న సందర్భాలు నా జీవితంలో తక్కువ. అది ఒకటి.

వియ్యపురాలు చెంబుతో నీళ్లు పట్టుకుని బయటికొచ్చింది. అవనిగడ్డను దాటి, మెట్లు దిగి, మా దగ్గరికి వచ్చింది.

"మీరు లోపలికి నడవండి వదినగారూ, అమ్మాయి నిలబడలేకపోతోంది" అని, మావైపు తిరిగింది. "పుట్టింటివాళ్లు మొదటిసారి వచ్చారు. కాళ్లకు నీళ్లివ్వకపోతే నాకే తప్పు."

వంగి మా కాళ్ల మీద నీళ్లు తనే పోసింది. ఇసుక ఓ పట్టాన వదల్లేదు. మళ్లీ వెళ్లి ఇంకో చెంబు తెచ్చింది. అవనిగడ్డ అప్పటికే గడప దాటి లోపల ఉంది.