పూతరేకులు పట్టిచ్చిన మోత

త్రినాథరాజు ఇంటర్ రెండో ఏడు మధ్యలో కాలేజీ మానేశాడు. తాను మానలేదని, కాలేజీయే తనతో వేగలేక సెలవు తీసుకుందని అతనంటాడు. భీమవరం పక్క పల్లెలో రొయ్యల చెరువులు చేసుకుంటూ, ఖాళీ దొరికితే చాలు, ఏదో ఒక మోటారు విప్పి మళ్ళీ బిగించేవాడు. బిగించాక నాలుగు నట్లు మిగిలిపోతే, కంపెనీవాడు తెలియక ఎక్కువ పెట్టాడని చెప్పేవాడు.

విదేశాల్లో కారుని విడి భాగాలుగా పెట్టెలో పెట్టి, కిట్ అని పేరు పెట్టి అమ్ముతారని, కొన్నవాడు ఇంటి దగ్గర బిగించుకుంటాడని ఏదో పత్రికలో చదివాడు. ఇక అతను ఊరుకుంటాడా? మనకు పెట్టె పంపేవాడెవడూ లేడు కనుక పెట్టెలో ఉండాల్సినవన్నీ తనే పోగుచేశాడు. రాజమండ్రిలో పాత జీపు చట్రం దొరికింది. ఇంజను ఒక వ్యానుది, వెనక ఇరుసు ఇంకో జీపుది. వెల్డింగు షాపు వీరబ్రహ్మం రేకు సాగగొట్టి పైన ఒళ్ళు తొడిగాడు. ముందు సీటు మాత్రం రాజు దగ్గరుండి కుట్టించాడు. తన పక్కన భార్య నీలవేణి కూర్చోవాలి, ఆమెకు నడుం నొప్పి. 2003 ఎండలు ముదిరేసరికి ఎర్రటి కారు రోడ్డెక్కింది. ఊళ్ళో దానికి కిట్టు కారని పేరు పడింది.

నీలవేణి అందులో ఒక్కసారే ఎక్కింది. బండి నలభై దాటగానే అడుగు నుంచి హూమని ఒక మోత మొదలైంది. యాభైకి సీటూ, అద్దమూ, మనిషీ కలిసి వణికారు. అద్దంలో వెనకొచ్చే ఒక్క బస్సు నాలుగు బస్సులై కనిపించింది. భీమవరం చేరేసరికి ఆమె జడ పిన్నులన్నీ ఊడి ఒళ్ళో ఉన్నాయి. ఆమె వాటిని ఏరుకుని, దిగి, నేరుగా బస్టాండుకి నడిచింది.

"ముందు దాని జబ్బు నయం చేయించండి. తరవాత నన్ను పిలవండి" అని మాత్రం అంది.

అది జబ్బు కాదని, ఇంజను బలమని రాజు బజారంతా చెప్పుకున్నాడు. మోతకి చెరువు రొయ్యలు హుషారెక్కి ఆ పంటకి రెట్టింపు పెరిగాయని కూడా అన్నాడు. కానీ పక్క సీటు ఖాళీగా ఉంటే అతనికి బండి నడపబుద్ధి కాలేదు. పైగా కార్తీకంలో జంగారెడ్డిగూడెంలో మరదలు నాగశ్రీ వాళ్ళ గృహప్రవేశం. తాను బస్సులోనే వెళ్తానని నీలవేణి అప్పుడే చెప్పేసింది. ఆ లోపల మోత ఆగకపోతే, కట్టుకున్న కారుని ఇంట్లో పెట్టి రాజు కూడా బస్సెక్కాలి.

ఇంజను కింద రబ్బర్లు మార్చాడు. మోత తగ్గలేదు. టైర్లు వెనకవి ముందుకీ, ముందువి వెనక్కీ వేశాడు. అదే వణుకు. గేర్‌బాక్సులో నూనె మార్చాడు. మధ్య రాడ్డు కూడా ఒకసారి చూద్దామని వీరబ్రహ్మం అంటే రాజు కసురుకున్నాడు. ఇంజను దగ్గర నుంచి వెనక ఇరుసు దాకా వెళ్ళి చక్రాల్ని తిప్పేది ఆ రాడ్డే. దాని రెండు కొసలా మడత తిరిగే కీళ్ళుంటాయి. ఆ కీళ్ళ అమరిక రాజు సొంత బుర్రలో పుట్టింది.

చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్‌కి ఒకే రాడ్డు మీద చాలా చక్రాలుంటాయి. వాటి రెక్కలన్నీ ఒకే వరుసలో బిగిస్తే ఒక్కసారే నీటిని కొట్టి మోటారు కుదుపుతాయి. అందుకే ఒకటి నీట మునిగేటప్పుడు పక్కది పైకి లేచేలా అడ్డదిడ్డంగా బిగిస్తారు. రాజు ఆ లెక్కనే కారుకీ పట్టించి, రాడ్డు రెండు కొసల కీళ్ళనీ ఒకదానికొకటి అడ్డంగా పెట్టించాడు. వచ్చినవాళ్ళందరినీ వంగోబెట్టి మరీ చూపించేవాడు. అలాంటి రాడ్డు మీద అనుమానమేమిటి?

కార్తీకం దగ్గర పడింది. చెల్లెలికి ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళాలని నీలవేణి అనుకుంటుంటే, కారులో తాను తెస్తానన్నాడు రాజు. ఆమె నవ్వింది.

"మీ కారులో రేకులు రావండి, పొడొస్తుంది. విరక్కుండా తెచ్చారంటే జంగారెడ్డిగూడెం దాకా మీ పక్కనే కూర్చుంటాను."

రాజుకి పౌరుషం వచ్చింది. వీరబ్రహ్మాన్ని ఎక్కించుకుని వెళ్ళి మూడు పెట్టెలు తీసుకున్నాడు. ఒకటి ముందు ఇంజను వైపు, ఒకటి రెండు సీట్ల మధ్య నేల మీద, ఒకటి వెనక పెట్టాడు. మన నేలంతా బల్లపరుపు, వాలు కావాలంటే వంతెనే దిక్కు. తిరిగొస్తూ గోదావరి మీద సిద్ధాంతం వంతెన దిగేటప్పుడు రాజు గేరు తీసేసి బండిని దానంతటదే దొర్లనిచ్చాడు. ఇంజను చప్పుడు పడిపోయింది. మోత మాత్రం అలాగే ఉంది. ఇంజను తప్పేమీ లేదని తేలిపోయింది.

ఇంటికొచ్చాక నీలవేణి వరండాలో పెట్టెలు విప్పింది. ముందు పెట్టెలో రేకులు కాస్త బీటలు తీశాయి. వెనక పెట్టెలో అంచులు రాలాయి. మధ్య పెట్టెలో రేకన్నదే లేదు. చెంచా వేసుకుని తినాల్సిందే.

ఆమె కాస్త పొడి నోట్లో వేసుకుంది.

"ఈ పెట్టె కింద ఏముంటుందండీ?"

రాజు లుంగీ ఎగగట్టి కారు కిందికి దూరాడు. సరిగ్గా ఆ పెట్టె కిందుగా పోయేది మధ్య రాడ్డే.

పడుకుని రాడ్డు చేత్తో తిప్పుతుంటే తెలిసింది. వంపులో ఉన్న కీలు రాడ్డుని సమంగా తిప్పదు. ఒక్కో చుట్టులోనే కాస్త తొందరపెడుతుంది, కాస్త ఆపుతుంది. రెండు కొసల కీళ్ళూ ఒకే వరుసలో ఉంటే ముందుది చేసిన తేడాని వెనకది సరిచేస్తుంది. అడ్డంగా పెడితే రెండూ కలిసి కుదుపుతాయి. చెరువులో ఆ దెబ్బ నీరు భరించింది. ఇక్కడ నీలవేణి నడుం భరించింది.

రాడ్డు మధ్యలో పళ్ళున్న గొట్టం ఒకటుంది. వీరబ్రహ్మం దాన్ని బయటికి లాగి, పావు చుట్టు తిప్పి, మళ్ళీ దూర్చాడు. నీలవేణి పెట్టిన కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

"ఇది నాకు ముందే తెలుసు బ్రహ్మం. నీకు తెలుసో లేదో చూద్దామని ఊరుకున్నాను" అన్నాడు రాజు.

"ఆయ్, తెలుస్తూనే ఉందండి" అన్నాడు వీరబ్రహ్మం కాఫీ ఊదుకుంటూ.

మర్నాడు రాజు ఒక్కడే మళ్ళీ ఆత్రేయపురం వెళ్ళి, కొత్త పెట్టెని అదే మధ్య చోటులో పెట్టి తెచ్చాడు. నీలవేణి ఒక్కో రేకూ వెలుతురులో పెట్టి చూసింది. ఒక్కటీ విరగలేదు. లోపలికెళ్ళి చీరలు సర్దుకుంది.

జంగారెడ్డిగూడెం దారిలో కారు అరవై దాటినా గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రాజు దారి పొడుగునా చెప్పడానికి గొప్పలు దాచుకుని బయల్దేరాడు. తాడేపల్లిగూడెం రాకముందే నీలవేణి నిద్రపోయింది. అతను హారను కూడా కొట్టకుండా, లారీల వెనక ఓపిగ్గా నడుపుకుంటూ వెళ్ళాడు.

ప్రయాణం ఎలా ఉందని తోడల్లుడు శ్రీనివాసరాజు అడిగితే, ఏమీ తెలియలేదని, నిద్రపోయానని చెప్పిందామె. అంతకు మించిన సర్టిఫికెట్ ఏ కంపెనీకీ రాలేదని రాజు ఇప్పటికీ అంటాడు. అతని కథలో పూతరేకుల పెట్టెలు ఏటేటా పెరుగుతున్నాయి. వంతెన మీద బండి ఆపకుండానే కిందికి వంగి రాడ్డు తిప్పేశానని మొన్న ఎవరికో చెప్పాడు. లోపల బియ్యం ఏరుకుంటున్న నీలవేణి అంతా విని, ఒక్క మాటే సరిచేసింది.

"పెట్టెలు మూడేనండి."