అత్తమ్మకు వినిపించిన విజిల్

మా పాత కుక్కర్ అడుగు ఉబ్బి మూలకు చేరింది. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదట. ఉప్పల్ చౌరస్తాలో గిన్నెల దుకాణాయన దాని బదులు మేము పేరైనా వినని కుక్కర్ ఒకటి తీశాడు. డబ్బా మీద ఎన్ని లీటర్లో తప్ప పెద్దగా ఏమీ రాసిలేదు. మా ఆయన ఫోన్‌లో వెతికితే ఒకే ఒక్క అభిప్రాయం దొరికింది. ప్యాకింగ్ బాగుందట! అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఆ మహానుభావుడికి తీరిక లేనట్టుంది.

నాకు కావలసిందల్లా ఒక్కటే. దాని విజిల్ మా అత్తమ్మకు వినిపిస్తుందా? ఈ మధ్య ఆమెకు వినికిడి తగ్గింది, పప్పు మాడడం మొదలైంది. అందుకని విజిల్ రాగానే నేనే పరిగెత్తి పొయ్యి కట్టేసేదాన్ని. కానీ నాచారంలో కాపురం పెట్టిన నాటి నుంచి వంటిల్లు ఆమెదే. నేనలా చొరబడ్డప్పుడల్లా గరిటె పక్కన పెట్టి, ముందు గదిలోకి వచ్చి కూర్చునేది. ఆమెనలా చూస్తే నాకు ఏడుపొచ్చేది.

"దీని విజిల్ ఎట్లుంటదన్నా?" అని దుకాణాయన్ని అడిగాను.

"ఎట్లుంటదమ్మా, కుక్కర్ విజిల్ లెక్కనే ఉంటది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయితే జర పక్క చాయ్ బండి మీద పెట్టి సూద్దాం. నీళ్లే కదా, వద్దనుకుంటే తుడిచిస్తం," అన్నాను.

మా ఆయన సిగ్గుపడి, మాతో సంబంధం లేనట్టు మెట్రో స్తంభం వైపు తిరిగి నిలబడ్డాడు. చాయ్ అన్న మాత్రం హుషారుగా తన గిన్నె దింపి, కుక్కర్‌లో నీళ్లు పోసి మంట పెంచాడు. వెంట వచ్చిన అత్తమ్మను బండి కనబడకుండా అటు తిప్పి స్టూలు మీద కూర్చోబెట్టాను.

"ఇనొస్తే వేలెత్తు అత్తమ్మా."

కాసేపటికి ఆమె వేలెత్తింది. కూసింది కుక్కర్ కాదు, పక్కనే ఆగిన సిటీ బస్సు బుస్సుమంది. చాయ్ తాగుతున్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ వేలు మడిచి కొంగులో దాచుకుంది. నలుగురిలో ఈమెకు ఈ పరీక్ష ఎందుకు పెట్టానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అంతలో కుక్కర్ కూసింది. సన్నగా కాదు, జలుబు చేసిన గొంతులా బొంగురుగా. అత్తమ్మ వేలెత్తలేదు, ఏకంగా లేచి నిలబడింది.

"అగో, వచ్చింది! గిది మాత్రం బస్సు గాదు!"

చాయ్ అన్న చప్పట్లు కొట్టాడు. కుక్కర్ ఎన్నేళ్లు మన్నుతుందో, దాని రబ్బరు ఎక్కడ దొరుకుతుందో మాకు ఇప్పటికీ తెలియదు. అయినా కొనేశాం.

మొన్న వంటింట్లో గిన్నెలు సర్దుతూ చెల్లెలితో ఫోన్ ముచ్చట్లలో పడిపోయాను. ముందు గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తమ్మ కేకేసింది.

"ఓ బిడ్డా, మూడు విజిళ్లైనయ్! ఇనొస్తలేదా? నిన్ను దవాఖానాకు తీస్కపోవాల్నా ఏంది?"

నేను చెయ్యి చాపేలోపే తనే వచ్చింది. "జరుగు," అంటూ భుజంతో నన్ను నెట్టి పొయ్యి కట్టేసింది.

నేను సంతోషంగా పక్కకు జరిగాను.