టాటీబంధ్‌లో దొరికిన మేనమామ

"బడి మానేసి రోడ్లు కొలుస్తున్నావు" అని పొద్దున్నే నాన్న తిట్టాడు. ఆ ఉక్రోషంలో పాత రాతి బొమ్మలు చూద్దామని ఒక్కణ్ణే రాయ్‌పూర్ పక్కనున్న టాటీబంధ్ పల్లెకు నడిచాను. ఓ ఇంటి ముందు ముసలాయన చెంబుతో నీళ్లిచ్చి, ఎవరి బిడ్డవని అడిగాడు.

"ఆంధ్రావాళ్లం. మా అమ్మ మాత్రం రాయ్‌పూర్‌లోనే పుట్టింది."

ఆయన వెంటనే వంగి నా కాళ్లకు మొక్కాడు! వెనక్కి గెంతాను.

"అయ్యో దాదా! పెద్దవాళ్లు మొక్కితే ఆయుష్షు తగ్గుతుంది!"

"దాదా అని తాతను చెయ్యకు, మామా అను. కౌసల్యమ్మ ఈ నేల ఆడపడుచు, రాముడు మా మేనల్లుడు. మీ అమ్మా ఇక్కడి బిడ్డేగా! మేనల్లుడి కాళ్లు మొక్కితే మాకు పుణ్యం బేటా."

నా కళ్లు చెమర్చాయి. ఆ మామ చల్లగా ఉండాలి.

ఇంటికొచ్చి చెప్తే నాన్న నవ్వాపుకుంటూ, "రాముడూ ఊళ్లు పట్టి తిరిగినవాడేలే, అన్నం తిను" అన్నాడు.

మీ ఊళ్లోనూ మేనల్లుళ్లకి ఇంత మర్యాదుంటే చెప్పండి, నడిచొస్తాను.