ఫోన్ వదలని కెమిస్టు

భద్రాచలం అడవి దారిలోని బొగ్గుగని ల్యాబ్‌లో ఆమె కెమిస్టు. గని గాలిలో పేలే గ్యాస్ ఎంతుందో మిషన్ చూపగానే గని ఆఫీసుకు ఫోన్ చేసేది. "మళ్లోసారి చెప్పుండ్రి" అంటూ ఆ అంకెను అవతలివాళ్లతో పలికించేది.

తొంభైల్లో ఆ మిషన్ కంప్యూటర్‌ను ఆఫీసు కంప్యూటర్‌తో కలపడానికి నేను వెళ్లాను.

"ఇక ఫోన్ అక్కర్లేదు మేడమ్, అంకె దానంతటదే వెళ్తుంది."

"పోతది సారూ. వాళ్లు చూసిండ్రని నాకెట్ల తెలుస్తది?"

నవ్వి వైరు బిగించాను.

మొదటిరోజే అంకె ఎక్కువొచ్చింది. ఆఫీసుకు చేరిందని తెర చూపింది. అయినా ఆమె ఫోన్ తిప్పింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తి, బొగ్గు దుమ్ము పడుతుందని కంప్యూటర్ గదికి తాళం వేశామన్నారు.

ఆమె అంకె చెప్పింది. "మళ్లోసారి చెప్పుండ్రి."

గనిలోకి దిగబోతున్న షిఫ్టు ఆగింది. నేను వేసిన వైరులో మాత్రం ఏ లోపమూ లేదు.