తమోనాశ్ ఘోషాల్ చేయించిన పుష్పాంజలి

తమోనాశ్ అంటే చీకటిని పోగొట్టేవాడని అర్థం. ఆ పేరు పెట్టిన తాతగారు మనవడు పెరగక ముందే పోయారు గనక ఆయన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. ఎమ్మెస్సీ మొదటి ఏడు హాస్టల్లో నా గదిలోకి వచ్చినవాడు ఈ తమోనాశ్ ఘోషాల్. నిజం చెప్పాలంటే అతనికి చీకటి భయం లేదు. వెలుతురులో నలుగురి ముందు నిలబెడితేనే భయం.

పుష్యమాసం చివర మా యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద రాబోయే కార్యక్రమాల పట్టిక వెలిసేది. ఆటల పోటీలు, వక్తృత్వం, సరస్వతీ పూజ, రక్తదానం, దోలుపున్నమి నాటి హోలీ రంగులు, ఆఖర్న హాస్టల్ వారి నాటకం. మేమంతా అందులో సెలవులు వెతుక్కునేవాళ్ళం. తమోనాశ్ మాత్రం కోర్టు సమన్లు చదివినట్టు చదివి, ఏ రోజు ఎక్కడ దాక్కోవాలో నిర్ణయించుకునేవాడు. ఆటలకి జ్వరం. వక్తృత్వానికి మేనత్తగారి ఊరు. రక్తదానానికి ఒకసారి దొరికిపోయాడు గానీ సూది చూడగానే పడిపోతే శిబిరం వాళ్ళే గ్లూకోజు ఎక్కించి గదికి చేర్చారు. ఇవ్వడానికి వెళ్ళి పుచ్చుకుని వచ్చిన దాతగా ఆ శిబిరం చరిత్రలో అతని స్థానం పదిలం.

సరస్వతీ పూజకి మాత్రం దాక్కునేవాడు కాదు. ఆ రోజు చెయ్యాల్సిందల్లా పూలు చేతబట్టి, పురోహితుడు చెప్పిన మంత్రాన్ని వెనక అనడం. గుంపులో చివరి వరసంత క్షేమమైన చోటు భూమ్మీద లేదని అతని సిద్ధాంతం.

ఆ పండగకి మా వైపు రెండు కట్టుబాట్లున్నాయి. పుష్పాంజలి సమర్పించేదాకా రేగిపండు నోట పెట్టకూడదు. ఆ రోజంతా విద్యార్థి అన్నవాడు పుస్తకం తెరవకూడదు. రెంటిలో ఏది తప్పినా పరీక్ష పోతుంది. మేము భౌతికశాస్త్రం చదివేవాళ్ళమే. అయినా ఇది నిజమో కాదో ప్రయోగం చేసి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పైగా పరీక్షలు దగ్గర్లోనే ఉన్నాయి.

శ్రీపంచమి పొద్దున మా ఊళ్ళో పురోహితుడికున్న గిరాకీ పెళ్ళికొడుకులకి కూడా ఉండదు. ప్రతి బడికీ, ప్రతి క్లబ్బుకీ, ప్రతి సందుకీ ఒక సరస్వతి. ఆ మొదటి ఏడు మేము ముందే మాట్లాడుకున్న పురోహితుడు హరిపద ఠాకూర్ సైకిల్ మీద మా గేటుదాకా వచ్చిన మాట వాస్తవం. అక్కడ కాపు కాసిన మెడికల్ హాస్టల్ కుర్రాళ్ళు ఆయన్ని స్కూటర్ మధ్యలో ఇరికించుకుని పట్టుకుపోయిన మాట కూడా వాస్తవం. సైకిలు మాకు మిగిలింది.

హాస్టల్ కార్యదర్శి శివేన్‌దా, అంటే శివేన్ అన్న, ఆఖరి సంవత్సరం విద్యార్థి. ఆ సైకిల్ని కాసేపు చూసి, "కాబోయే డాక్టర్లు. మనుషుల్ని ఎత్తుకుపోవడం ఇప్పట్నించే సాధన చేస్తున్నారు," అన్నాడు.

ఆడపిల్లల హాస్టల్ తరఫున సుతపాదీ, అంటే సుతప అక్క, వచ్చింది. పసుపు చీర, మండే కళ్ళు.

"శివేన్, తిథి దాటిపోతోంది. మా పిల్లలు రాత్రి నుంచీ పస్తున్నారు. ఒక్కత్తి కళ్ళు తిరిగి పడిపోయినా నీ పని చెబుతాను."

శివేన్‌దా షామియానా కింద నిలబడ్డ మూడు వందల మంది వైపు తిరిగి బ్రాహ్మలెవరని అడిగాడు. చక్రవర్తి తాను నాస్తికుణ్ణని ప్రకటించాడు. నిన్నటిదాకా విగ్రహానికి చందాలు వసూలు చేసింది అతనే. లాహిరి తెల్లవారుజామున గుడ్డు తిన్నానని ఒప్పుకున్నాడు. ఘోషాల్ కూడా బ్రాహ్మల ఇంటిపేరేనని గుర్తొచ్చి చూపులన్నీ వరసలు దాటుకుంటూ చివరికొచ్చాయి. నా శాలువా ఎవరో లాగుతున్నట్టనిపించి చూస్తే తమోనాశ్ దాని చాటుకి చేరుతున్నాడు.

"ఘోషాల్, జంధ్యం ఉందా?"

"ఉంది గానీ శివేన్‌దా, చొక్కా లోపలుంది."

"అక్కడే ఉండాలిరా. మంత్రం వచ్చా?"

"వెనక అనడం వచ్చు."

"ముందు అన్నా అదే మంత్రం గదా."

"కాదు శివేన్‌దా. ముందు చెప్పేవాడు తప్పితే వెనక అందరూ తప్పే అంటారు. అందరి పరీక్షలూ పోతాయి. రేపు వాళ్ళ అమ్మానాన్నలు వచ్చి నన్నడిగితే నేనేం చెప్పను?"

ఎవరో కిసుక్కుమన్నారు. నేను నవ్వలేదు, ఎందుకంటే అతని పెదాలు తెల్లబడిపోవడం దగ్గర్నుంచి చూశాను. మాఘమాసపు చలిలో మెడ మీదుగా చెమట కారుతోంది.

శివేన్‌దా సైకిల్‌కి వేలాడుతున్న సంచీలోంచి పూజావిధానం పుస్తకం తీశాడు. "ఇదిగో, చూసి చదివెయ్."

తమోనాశ్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "ఇవాళ పుస్తకం తెరవకూడదు."

"అది విద్యార్థికి. పురోహితుడికి కాదు. ఈ గంటసేపూ నువ్వు పురోహితుడివి."

"పరీక్ష రాసేది పురోహితుడు కాదుగా. నేనే కదా."

ఈ ధర్మసందేహానికి జవాబు చెప్పగల పండితుడు స్కూటర్ మీద వెళ్ళిపోయాడు. చివరికి పుస్తకం మూసే ఉంచి, తమోనాశ్‌ని పట్టుకెళ్ళి అమ్మవారి ముందు పీట మీద కూర్చోబెట్టారు. దీపం వెలిగేసరికి అగ్గిపెట్టె సగం అయింది. పూలు పంచారు. ఎవరో ఉత్సాహవంతుడు అతని నోటి ముందు మైకు పెట్టాడు.

మొదటి ముక్క సన్నగా వణుకుతూ వచ్చింది. మూడు వందల గొంతులు కళ్ళు మూసుకుని దాన్ని తిరిగి అప్పజెప్పాయి. ఆ హోరు వీపుకి తగలగానే తమోనాశ్ భుజాలు ముడుచుకుపోయాయి. రెండో ముక్క రాలేదు. దీపం చిటపటలాడింది. అతను మెల్లిగా, తనలో తాను అనుకున్నట్టే అన్నాడు.

"గుర్తు రావట్లేదు."

మైకు దాన్ని తనలో దాచుకోలేదు.

"గుర్తు రావట్లేదు," అన్నారు మూడు వందల మందీ, భక్తితో.

"ఆగండి."

"ఆగండి."

అప్పటికి ఏమన్నామో తెలిసింది. ఎవరూ నవ్వలేదు. పరీక్షల ముందు, ఖాళీ కడుపుతో, చదువులతల్లి ఎదురుగా నిలబడి ఆ మాట అన్నాక నాకు నా గణితం పేపరు కళ్ళకి కట్టింది. పక్కవాళ్ళ మొహాలు చూస్తే ఎవరి పేపరు వాళ్ళకి కనబడుతున్నట్టే ఉంది. చేతుల్లో పూలు నలిగిపోతున్నాయి.

సుతపాదీ గొంతు సవరించుకుని రెండో ముక్క అందుకుంది, మూడో దాని దగ్గర ఆగిపోయింది. దాన్ని నాస్తికుడు చక్రవర్తి అందించాడు. తర్వాతది ఏ మూల నుంచో వచ్చింది. మొత్తం మంత్రం ఎవరికీ రాదు. పుట్టినప్పట్నించీ అందరం వెనక అన్నవాళ్ళమే. తలా ఒక ముక్కా కలిపి ఎలాగో పూర్తిచేశాం. పురోహితుడు అందరికన్నా వెనక అన్నాడు.

కిచిడీ, రేగిపండ్ల పచ్చడి పంక్తిలో వడ్డిస్తుంటే తమోనాశ్ తినలేదు. "మధ్యలో రెండు తప్పు మాటలన్నాం. మంత్రంలో అవి కూడా కలిసిపోయాయి," అని ఒకటే గొణుగుడు.

మర్నాటి నుంచి వింత మొదలైంది. గదిలోంచి బయటికొస్తే గోడవారగా నడిచే మనిషి ఒక్కో గది తలుపూ తట్టడం మొదలుపెట్టాడు. "చదువుతున్నావా? ఈ లెక్క వచ్చా?" రాకపోతే అక్కడే కూర్చుని చెప్పేవాడు, గొంతు వణుకుతూనే. హాస్టల్లో మిగతావాళ్ళు అతన్ని పరోపకారి అనుకున్నారు. నాకు తెలుసు, అది ఉపకారం కాదు, భయం. ఎవడైనా పడుకుంటే వాడి ఫెయిలు తన నెత్తికి చుట్టుకుంటుందని భయం. శివేన్‌దా తలుపు మాత్రం ఎన్నిసార్లు తట్టినా, "రేపు రా," అనే వినబడేది.

ఫలితాలొచ్చిన రోజు తమోనాశ్ చూడ్డానికి రాలేదు. నేనే వెళ్ళి చూసొచ్చి చెప్పాను. "నువ్వు పాసు. నేను పాసు. మన హాస్టల్లో అందరూ పాసు, శివేన్‌దా తప్ప."

అతను మంచం మీద కూలబడ్డాడు. అంతలో మెట్ల మీద శివేన్‌దా చెప్పుల చప్పుడు. తమోనాశ్ ఒక్క గెంతులో వెళ్ళి గొళ్ళెం వేసి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఘోషాల్, తలుపు తియ్."

"నా వల్లే శివేన్‌దా. ఆ రెండు మాటల వల్లే."

"నీ వల్లేంట్రా? పుస్తకం ముట్టుకోకూడని రోజు ఏడాదికి ఒక్కటే. మిగతా రోజులు కూడా ముట్టుకోనిది నేను."

తమోనాశ్ ఊపిరి వదలడం నాకు వినబడింది.

"మరెందుకొచ్చావు?"

"వచ్చే ఏడూ నేనిక్కడే ఏడవాలి కదా. చెప్పేవాడుండాలి. రాత్రికి రానా, లెక్కలు తీసుకుని?"

"రా."

"ఇంకో మాట. వచ్చే పూజకి కూడా నువ్వే కూర్చోవాలి. మనవాళ్ళంతా అనుకున్నారు."

తమోనాశ్ నావైపు చూశాడు. మెడ మీద మళ్ళీ చెమట. గొళ్ళెం దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"లెక్కలకి రా శివేన్‌దా," అన్నాడు తలుపు తియ్యకుండానే. "ఆ మాట ఎత్తనంటేనే రా."